ఆటను గూర్చిన తీర్పు

కృష్ణకు కుడివైపు సీమలోని అచ్చంపేట 2022 ఏప్రిల్ 4వ తేదీ వఱకు గుంటూరు జిల్లాలో నుండి, ఆ దినమున నరసరావుపేట కేంద్రముగా నేర్పడిన పల్నాడు జిల్లాలో జేరినది. ఇట్టి యూళ్లలో నేటి యువకులు ఆన్‌లైను ఆటల నాడుచు, ఏ పేరుమోసిన విమర్శకుడో ఆ యాటకు వేసిన మార్కులు అన్యాయమని గొంతెత్తి వాదించునపుడు, పెద్దల కది కాలమహిమగా దోచును. నా కట్లు తోపదు. వినోదమును పరీక్షించి గుణదోషములు పలుకుటయు, పలికినవానితో విభేదించుటయు ఈ గడ్డకు చిరపరిచితములే.

వినుకొండ వల్లభరాయని పేర వెలసిన క్రీడాభిరామమును జూడుడు. రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ప్రేమాభిరామమును బట్టి వెలువడిన ఆ వీథినాటకమున గోవింద మంచనశర్మయు టిట్టిభసెట్టియు కాకతీయుల యోరుగంటి వీథులలో దిరుగుచు, కోడిపందెమును, పొట్టేళ్ల పోరును, పల్నాటి వీరుల కథాగానమును దగ్గఱ నిలిచి చూచి, విని, తమకు దోచినదానిని నిర్మొగమాటముగా జెప్పుకొందురు. తెలుగున క్రీడావిమర్శకు ఇంతకంటె చక్కని ప్రాచీనోదాహరణము నే నెఱుగను. ఆ గ్రంథము శ్రీనాథునిదే యని వేటూరి ప్రభాకరశాస్త్రిగారు వాదించిరి. ఆ వాదము నొల్లనివారును గలరు. వివాదమును గూడ వెంటబెట్టుకొని వచ్చిన కృతి యది.

పల్నాడు జిల్లాలోని గుత్తికొండయే అక్కిరాజు ఉమాకాంతముగారి జన్మస్థానము. ఆయన శాస్త్రములు మథించిన విమర్శకుడు. ద్విపదలోని పల్నాటి వీరచరిత్రమును 1911లో ప్రకటించి తెలుగువారికి మహోపకార మొనర్చిన మహనీయుడు. అట్టివాడు 1928లో వెలువఱచిన ‘నేటికాలపు కవిత్వము’న నండూరి సుబ్బారావుగారి ఎంకిపాటలను అలంకారశాస్త్రపు గీటుఱాతిపై నొరసి, ఎంకియు నాయుడుబావయు ఉత్తమపాత్రలు కారు గనుక అది శృంగారాభాసమని త్రోసివైచెను. ఆయన పాండిత్యమునకు నమస్కరించుచునే యీ తీర్పును నే నంగీకరింపజాలను. పల్నాటి వీరనాయకుడు బ్రహ్మనాయుడు మాల కన్నమదాసును కొడుకువలె జేకొని, సకలకులములవారిని ఒకే చాపపై గూర్చుండబెట్టి చాపకూడు గుడిపించిన కథను లోకమునకు అందిచ్చిన చేతులే, చేనిగట్టున బాడుకొను పడుచును రసార్హత లేనిదని వెలివేయుట నాకు కష్టముగా దోచును. ఎంకిపాట పాడగా వినవలసినది. విన్న లోకము 1925 నుండి దానిని విడువలేదు.

దూరదేశమునను ఇట్టిదే జరిగినది. సినిమా విమర్శకై పులిట్జరు బహుమాన మందిన రోజర్ ఎబర్ట్ అను అమెరికా దేశీయుడు, వీడియో ఆట లెన్నటికిని కళ కానేరవని 2010 ఏప్రిలులో వ్రాయగా, ఆటలాడువారు వేలకొలది ప్రత్యుత్తరము లిచ్చిరి. జూలైలో నాయన, ఆటలాడ నిష్టపడని తాను వానిని గూర్చి యభిప్రాయము చెప్పకుండవలసినదని యొప్పుకొనెను. సిద్ధాంతమును వీడకయే ఆ మాట యనుట పెద్దమనుషుల లక్షణము.

ఆటనుండియే మహాయుద్ధము పుట్టిన కథ గల పల్నాటికి ఆటను చులకనగా నెంచరాదను మాట సులభముగా నర్థమగును. బ్రహ్మనాయుడు, ఆయన ప్రత్యర్థి నాయకురాలు నాగమ్మల కోడిపోరును చరిత్రకారులు కొందఱు పైపై కారణముగా నెంచి, రాజ్యకలహమును, మతవైరమును అసలు హేతువులుగా జూపుదురు. కావచ్చును. కాని కారెంపూడిలో కార్తీకామావాస్యనాడు మొదలై యైదుదినములు సాగు వీరారాధనోత్సవమున రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని దినముల కేర్పడిన పేళ్లను వినుడు. మందపోరునాడు చాపకూడు, మఱునాడు కోడిపోరు. ఒక పందెమునకు ఒక దినమునే కేటాయించిన జనుల స్మృతి దానిని అల్పవిషయముగా నెంచలేదని స్పష్టము. వీరవిద్యావంతులు ఆ కథను పాడుదురు. అమెరికా పండితుడు జీన్ రోఘైర్ ఈ గాయకుల నోటనే ఆ కథను విని 1982లో తన గ్రంథమును వెలువఱచెను.

పాఠకులారా, మీరును కార్తీకమాసపు చివర కారెంపూడికి బోయి, ఆ గాయకుల ప్రక్కన గూర్చుండి వినుడు. పిమ్మట ఉమాకాంతముగారి పుస్తకమును దెఱచి, ఒప్పుకొందురో, వాదింతురో మీరే తేల్చుకొనుడు.