పాత ప్రోగ్రాములకు కొత్త ఆధారము

నూరేండ్ల నాటి పుస్తకమునైనను లిపి తెలిసినవారు చదువగలరు. కంప్యూటర్‌లో దాచిన లెక్కల సంగతి అట్లు కాదు. వానిని వ్రాసిన ప్రోగ్రాం నడువవలెను. ప్రోగ్రాం నడుచుటకు తగిన ఆపరేటింగ్ సిస్టమ్ ఉండవలెను. అది లేనిచో లెక్కలు చెడకుండ ఉన్నను చదువుటకు వీలుండదు.

ఈ చిక్కు 1994లో ఎదురయ్యెను. 1981లో ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటర్‌తో వాడుకలోనికి వచ్చిన డాస్ అను ఆపరేటింగ్ సిస్టమ్‌పై అప్పటికి ఎన్నియో ప్రోగ్రాములు ఆధారపడి యుండెను. 1983లో వెలువడిన లోటస్ 1-2-3 అను లెక్కల పట్టిక వానిలో ప్రసిద్ధమైనది. అట్టి సమయమున మైక్రోసాఫ్ట్ సంస్థ డాస్‌ను విడిచి విండోస్ వైపు మరలుచుండెను. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయపు రివర్ ఫాల్స్ శాఖలో భౌతికశాస్త్ర విద్యార్థియైన జిమ్ హాల్ తన ప్రయోగశాల కొలతలను డాస్ ప్రోగ్రాములతోనే పరిశీలించుచుండెను. అందరును స్వేచ్ఛగా వాడుకొనదగిన డాస్‌ను కలసి నిర్మింతమని అతడు 1994 జూన్ 29న ప్రకటించెను. పాట్ విల్లాని కెర్నెల్ అను మూలభాగమును, టిమ్ నార్మన్ ఆజ్ఞలను గ్రహించు భాగమును సమకూర్చిరి. అదియే ఫ్రీడాస్.

మైక్రోసాఫ్ట్ వారి రచనను తీసికొనకయే ఇది ఎట్లు సాధ్యమయ్యెను? డాస్ ప్రోగ్రాం తనకు కావలసిన పనిని ఒక సంఖ్యతో తెలుపును. ఫైలు తెరువవలెనన్న షోడశాంశ పద్ధతిలో 3డి అను సంఖ్యను ప్రాసెసర్‌లో నియమితమైన చోట నుంచి, 21వ అంతరాయమును పిలుచును. అనగా తన పనిని క్షణకాలము ఆపి, ఆపరేటింగ్ సిస్టమ్‌ను సహాయమడుగును. ఆ సహాయము లోపల ఎట్లు జరిగినదో ప్రోగ్రాంకు అక్కరలేదు. ఎదురుచూచిన జవాబు వచ్చిన చాలును. కనుక పిలుపులును జవాబులును సరిపోయినచో, లోపలి రచన పూర్తిగా వేరైనను పాత ప్రోగ్రాం నడుచును.

ఫ్రీడాస్ 1.0 2006 సెప్టెంబరు 3న వెలువడెను. యంత్రమును మేల్కొలుపు బయాస్ అను పాత ఏర్పాటు లేని కంప్యూటర్లలో ఇది నేరుగా నడువదు. అట్టిచోట పాత కంప్యూటర్‌ను అనుకరించు క్యూ.ఈ.ఎం.యు. వంటి ప్రోగ్రాంలో దీనిని నడుపవచ్చును.

విల్లాని 2011లో మరణించెను. మూలరచన అందరికిని అందుబాటులో నున్నందున పని ఆగలేదు. 2022లో ఫ్రీడాస్ 1.3 వెలువడెను. ఒక సంస్థ విడిచిపెట్టిన మార్గమును ఇతరులు కాపాడవచ్చుననుటకు ఇది నిదర్శనము. దానివలననే ఆనాటి విద్యార్థి కొలతల వంటివి నేటికిని తెరచి చూచుటకు వీలగుచున్నది.