ఇంద్రవెల్లికి ఎవరు బాధ్యులు అని అడిగితే ఏం చెప్పాలి?

 నేను సోమల మండలం తాండా నుంచి వచ్చినోణ్ణి. హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. పోస్టు కొంచెం పొడుగు, తీరిగ్గా చదవండి.

ప్రతి సంవత్సరం ఏప్రిల్ 20 వస్తే మనం ఇంద్రవెల్లి స్తూపం ఫోటో పెట్టి జోహార్లు చెప్తాం. దాని వెనకాలే వాదన మొదలవుతుంది. ఒకరు పోలీసులు అంటారు, ఒకరు ప్రభుత్వం అంటారు, ఒకరు జనాన్ని అక్కడికి పిలిచిన సంఘం అంటారు, ఇంకొకరు లంబాడీలు అంటారు, ఇంకొకరు ఆంధ్ర పాలకులు అంటారు. చివరికి "అందరిదీ తప్పే" అని ఎవరో ఒకరు ముగిస్తారు. అందరిదీ తప్పు అంటే ఎవరిదీ కాదనే లెక్క. తప్పు ఒక్కడి మీదనే వేసినా మిగిలినోళ్ళు తప్పించుకుంటారు. అందుకే ఎవరు ఏ పనికి బాధ్యులో విడివిడిగా రాయాలి అనేది నా మాట.

ముందు జరిగింది చెప్పుకుందాం. 1981 ఏప్రిల్ 20, సోమవారం. ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లిలో ఆ రోజు వారపు సంత. అదే రోజు గిరిజన రైతు కూలీ సంఘం సభ పెట్టుకుంది. పోడు భూములకు పట్టాలు ఇవ్వాలి, పోయిన భూములు తిరిగి రావాలి, షావుకార్ల మోసం ఆగాలి అనేవి వాళ్ళ కోరికలు. సభకు మొదట అనుమతి ఇచ్చి తర్వాత రద్దు చేసినారు, 144 సెక్షన్ పెట్టినారు. ఆ మాట కొండ గూడేలకు చేరలేదు. గోండులు, కొలాములు గుంపులు గుంపులుగా నడిచి వచ్చినారు. సభకు వచ్చినోళ్ళు ఉన్నారు, ఉప్పు, నూనె కొనుక్కొనేదానికి సంతకు వచ్చినోళ్ళూ ఉన్నారు. పోలీసులు ఆపినారు, తోపులాట అయింది. ఒక కానిస్టేబుల్ చనిపోయినాడు. పోలీసులు కాల్పులు జరిపినారు. చనిపోయింది 13 మంది అని ప్రభుత్వం చెప్పింది. 60 మందికి పైనే అని పౌరహక్కుల సంఘాలు చెప్పినాయి.

గొడవ ఎట్లా మొదలైంది అనేదాని మీద రెండు కథలు ఉన్నాయి. గుంపు దాడి చేసి కానిస్టేబుల్‌ని చంపింది, ఆత్మరక్షణ కోసం కాల్చినాం అని పోలీసుల మాట. ఒక గోండు అమ్మాయితో పోలీసు తప్పుగా ప్రవర్తించినాడు, అక్కడే గొడవ లేచింది అని ఆదివాసుల మాట. నలభై ఏళ్ళు దాటినా మనం ఈ ఒక్క ప్రశ్న మీదనే కొట్టుకుంటున్నాం. నా లెక్కలో ఇది మొదటి ప్రశ్న కాదు. పోలీసుల మాటే నిజం అనుకున్నా, ఒక కానిస్టేబుల్ చావు సంతకొచ్చిన జనం మీద కాల్పులకు జవాబు అవుతుందా? కానిస్టేబుల్‌ని చంపినోళ్ళు ఎవరో తేల్చేదానికి కోర్టు ఉంది. పారిపోతున్న గుంపుకు శిక్ష వేసే అధికారం తుపాకీకి లేదు.

ఇప్పుడు ఒక్కొక్క మెట్టు చూద్దాం.

మొదటి మెట్టు, కాల్చమని చెప్పినవాళ్ళు. అప్పుడు అమల్లో ఉన్నది 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్. గుంపును చెదరగొట్టాలంటే ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ గానీ, స్టేషన్ అధికారి గానీ, ఆయన లేకపోతే ఎస్సై స్థాయికి తగ్గని పోలీసు అధికారి గానీ ఆదేశం ఇవ్వాలని అందులో 129వ సెక్షన్ చెప్తుంది. అంటే కాల్పులు గాలికి పుట్టవు. ఒక నోరు ఉంటుంది, ఆ నోటికి ఒక పేరు ఉంటుంది. 144 ఆర్డర్‌ను కూడా జనానికి అందేటట్టు చెయ్యాలి, కుదరకపోతే చాటింపు వెయ్యాలి అని అదే చట్టం చెప్తుంది. సోమవారం సంత అని తెలిసి కూడా, కొండల్లో ఉన్నోళ్ళకు మాట చేరకముందే దారుల్లో తుపాకులు నిలబెట్టినారు కదా, అది కూడా ఒక అధికారి తీసుకున్న నిర్ణయమే.

రెండో మెట్టు, శిక్ష పడకుండా చూసినవాళ్ళు. అదే చట్టంలో 132వ సెక్షన్ ఉంది. గుంపును చెదరగొట్టేదానికి చేసిన పని అని పోలీసు చెప్పుకుంటే, రాష్ట్ర ప్రభుత్వం అనుమతి లేకుండా ఆయన మీద క్రిమినల్ కోర్టులో కేసు నడవదు. తాళం పోలీసుకు వేసినారు, తాళంచెవి ఆ పోలీసును పంపిన ప్రభుత్వం దగ్గర పెట్టినారు. ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చినా ఈ రక్షణ అట్లనే ఉంది. ఇంద్రవెల్లి కాల్పులకు ఒక్క అధికారికీ శిక్ష పడలేదు. ఇది ఆ ఒక్క రోజు పాపం కాదు. తర్వాత వచ్చిన ప్రతి ప్రభుత్వానికీ ఇందులో వాటా ఉంది.

"ఆంధ్ర పాలకులు" అనే మాట ఇక్కడ నిలబడదు. అప్పటి ముఖ్యమంత్రి టంగుటూరి అంజయ్య. తెలంగాణ మనిషి, ఆల్విన్ ఫ్యాక్టరీలో కార్మికుడిగా పనిచేసి కార్మిక నాయకుడై పైకొచ్చినవాడు. కష్టం తెలిసిన మనిషి కుర్చీలో ఉన్నప్పుడే ఇది జరిగింది. ప్రాంతం పేరు చెప్పి తిట్టుకుంటే మన కోపం తీరుతుందేమో గానీ, లెక్క తేలదు.

మూడో మెట్టు, ఆ పరిస్థితి తెచ్చినవాళ్ళు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీమ్‌ని చంపినాక, గోండుల బాధ ఏందో చూడమని నిజాం ప్రభుత్వం హైమెన్‌డార్ఫ్ అనే పండితుణ్ణి పంపింది. ఆయన రిపోర్టుల తర్వాత వేల కుటుంబాలకు పట్టాలు వచ్చినాయి. ఒక తరం తిరగకముందే ఆ భూములు మళ్ళీ చేతులు మారినాయి. 1970లో 1/70 చట్టం వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే అది గిరిజనుడి దగ్గర నుంచి వచ్చిందే అని ముందు అనుకోవాలి, కాదంటే ఆయనే రుజువు చేసుకోవాలి. (మన సోమల, పుంగనూరు వైపు షెడ్యూల్డ్ ప్రాంతం కాదు, ఇక్కడ ఈ చట్టం వర్తించదు. తెలియని తమ్ముళ్ళ కోసం చెప్తున్నా.) ఇంత గట్టి చట్టం ఉండగా, 1979లో ప్రభుత్వమే జీవో ఇచ్చి, ఐదెకరాల తరి, పదెకరాల మెట్ట లోపు ఉన్న గిరిజనేతరులను ఖాళీ చేయించొద్దు అనింది. చట్టం ఒక చేత్తో ఇచ్చి జీవో ఇంకో చేత్తో తీసుకుంటే, జనం సభ పెట్టుకోక ఏం చేస్తారు? తుపాకీ పట్టకపోయినా ఆ జీవో మీద సంతకం పెట్టినోళ్ళ వాటా ఈ మెట్టు మీద ఉంది.

లంబాడీల మాట కూడా ఇక్కడే చెప్పాలి. నేను సుగాలి బిడ్డను, అందుకని ఈ ముక్క దాటేసి పోవడం నాకు కుదరదు. ఆంధ్ర, రాయలసీమ వైపు సుగాలీలు ముందు నుంచీ ఎస్టీలే. తెలంగాణలో 1976 చట్టంతో, 1977 నుంచి ఎస్టీలైనారు. మహారాష్ట్రలో బంజారాలు ఎస్టీ కాదు. దాంతో అటు నుంచి ఆదిలాబాద్‌కు వలస పెరిగింది. గోండు భూమి లంబాడీ కొన్నా 1/70 అడ్డం రాకుండా పోయింది. హైమెన్‌డార్ఫ్ దీని గురించి చాలా కటువుగానే రాసినాడు. గోండు అన్నలు ఈ మాట ఎత్తితే మన తాండాల పిల్లలు కోపం తెచ్చుకోవద్దు, అది జరిగిన చరిత్ర. అట్లని ఇంద్రవెల్లి తుపాకీ లంబాడీ చేతిలో లేదు. జాబితా మార్చింది ఢిల్లీ, భూమికి కాపలా పెట్టకుండా మార్చింది. బతుకుదెరువు వెతుక్కుంటా వచ్చిన కూలి కుటుంబాన్ని, కాల్చమన్న అధికారిని ఒకే గాట కడితే సంతోషపడేది ఆ అధికారే. భూమి విషయంలో మేం జవాబు చెప్పాల్సింది ఉంది. హత్య విషయంలో జవాబు చెప్పాల్సినోళ్ళు వేరే ఉన్నారు.

సంఘం సంగతి కూడా ఇట్లనే చూడాలి. అనుమతి రద్దయినాక జనాన్ని ఆపేదానికి ఏం చేసినారు అని నాయకులను అడగొచ్చు, అడగాలి. ఆ ప్రశ్నకు జవాబు ఏదైనా కాల్చినోడి భారం తగ్గదు. సభ పెట్టినందుకు చావు శిక్ష ఏ పుస్తకంలోనూ లేదు.

ఇట్లా విడదీయకపోతే ఏమవుతుందో తెలిసేదానికి అమెరికా కథ ఒకటి చెప్తా. 1857 సెప్టెంబరు 11న, యూటా ప్రాంతంలో మౌంటెన్ మెడోస్ అనే చోట, కాలిఫోర్నియాకు బండ్లు కట్టుకొని పోతున్న 120 మంది దాకా చంపేసినారు. మార్మన్ అనే క్రైస్తవ శాఖకు చెందిన స్థానిక సైనిక దళం తెల్లజెండా చూపించి, క్షేమంగా దాటిస్తామని నమ్మించి చంపింది. పసిపిల్లలు 17 మందిని మాత్రం వదిలినారు. పైయూట్ ఆదివాసులను కొందరిని తోడు తెచ్చుకున్నారు, తర్వాత నింద మొత్తం ఆ తెగ మీదకు నెట్టినారు. ఇరవై ఏళ్ళ తర్వాత, 1877లో, జాన్ డి. లీ అనే ఒక్కడిని అదే మైదానంలో కాల్చి చంపి కేసు ముగించినారు. లీ నేరం చేసినాడు, నిజమే. ఆయనతో పాటు ఆదేశం ఇచ్చినోళ్ళు, కాల్చినోళ్ళు, దాచినోళ్ళు బతికిపోయినారు. పైయూట్ల మీద అన్యాయంగా నింద పడిందని ఆ చర్చి పెద్దలు బహిరంగంగా ఒప్పుకునేసరికి 2007 వచ్చింది. 150 ఏళ్ళు ఒక తెగ తను చెయ్యని పాపం మోసింది.

అక్కడ ఒక్కడికి శిక్ష వేసి సరిపెట్టినారు. ఇంద్రవెల్లిలో ఆ ఒక్కడు కూడా లేడు. రెండు చోట్లా ఆదివాసుల మీద "వాళ్ళే మొదలుపెట్టినారు" అనే మాట మాత్రం మిగిలింది.

దూరం ఊరి కథ అనుకోవద్దు. 2015 ఏప్రిల్ 7న మన చిత్తూరు జిల్లాలోనే, శేషాచలం అడవిలో, ఎర్రచందనం టాస్క్‌ఫోర్స్ కాల్పుల్లో 20 మంది కూలీలు చనిపోయినారు. అందరూ తమిళనాడు నుంచి వచ్చినోళ్ళు, అందులో జవ్వాది కొండల గిరిజనులు ఉన్నారు. రాళ్ళతో, గొడ్డళ్ళతో దాడి చేసినారు, ఆత్మరక్షణకు కాల్చినాం అని పోలీసులు చెప్పినారు. 1981లో విన్న మాటే మళ్ళీ మన పక్కన వినబడింది. కూలీలను పంపిన స్మగ్లర్ల వాటా వేరు, కాల్చినోళ్ళ వాటా వేరు. ఇక్కడ కూడా రెండింటినీ కలిపేసి "దొంగలు చచ్చినారు" అనేసి మరిచిపోయినారు.

నాలుగో మెట్టు, జ్ఞాపకాన్ని చెరిపినవాళ్ళు. ఇంద్రవెల్లి స్తూపం 1983లో కట్టినారు, 1986లో పేల్చేసినారు. తర్వాత ప్రభుత్వమే మళ్ళీ కట్టించింది. కట్టించి కూడా దశాబ్దాల పాటు ఏప్రిల్ 20న దాని చుట్టూ 144 పెట్టి, చనిపోయినోళ్ళ సొంత కుటుంబాలను కూడా దగ్గరికి రానియ్యలేదు. 2024 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి అక్కడికి పోయి స్మృతివనానికి శంకుస్థాపన చేసినాడు. మంచిదే. వనం, ఇల్లు, సాయం ఇవన్నీ ఓదార్పు. ఆదేశం ఎవరిది, 13 ఎక్కడ, 60 ఎక్కడ అనే ప్రశ్నకు అవి జవాబు కావు.

ఆ అంకెల తేడా చిన్న విషయం కాదు. దెబ్బలు తగిలినోళ్ళు కేసు పెడతారని భయపడి ఆస్పత్రికి పోకుండా గూడేలకు పోయి చనిపోయినారని అక్కడి పెద్దలు చెప్తారు. పేరు రాయని చావుకు బాధ్యుడు కూడా ఉండడు. అందుకే మన వంతు పని పేర్ల దగ్గర మొదలవ్వాలి.

ఉట్నూరు, ఇంద్రవెల్లి, కెరమెరి వైపు గ్రూపులో ఉన్న అన్నలు, అక్కలు ఒక పని చెయ్యండి. ఆ రోజుకు ఇరవై ఏళ్ళున్నోళ్ళు ఇప్పుడు అరవై దాటినారు. మీ గూడెంలో వాళ్ళ పక్కన కూర్చొని ఫోన్‌లో రికార్డు చెయ్యండి. ఎవరు చనిపోయినారు, ఏ ఊరు, సంతకు పోయినారా సభకు పోయినారా, ఎక్కడ పూడ్చినారు అని అడగండి. గోండీలో చెప్తే గోండీలోనే ఉంచండి. కుటుంబం ఒప్పుకోకుండా పేరు మాత్రం బయట పెట్టొద్దు. రాసే పనికి, టైపు చేసే పనికి మా హాస్టల్లో నేను, ఇంకో ముగ్గురు సిద్ధంగా ఉన్నాం. వచ్చే ఏప్రిల్ 20కి స్తూపం ఫోటో కింద ఆ జాబితా కూడా పెడదాం.