కొలువు చూడ్డానికి పోయిన సాయంత్రాలు

నెలలో ఒక సాయంత్రం ఒక పేటలోని ఆర్ట్ గ్యాలరీలన్నీ పొద్దుపోయే దాకా తలుపులు తీసి ఉంచుతాయి. టికెట్టు ఉండదు. జనం ఒక గ్యాలరీ నుంచి ఇంకో గ్యాలరీకి బొమ్మలు చూస్తూ నడుచుకుంటూ పోతారు. దీన్ని ఆర్ట్ వాక్ అంటున్నారు. సియాటిల్ నగరంలోని పయనీర్ స్క్వేర్ పేటలో 1981లో మొదలైన ‘మొదటి గురువారం’ నడకను అమెరికాలో ఇలాంటివాటికి నాందిగా చెబుతారు. హైదరాబాదులో గ్యాలరీల బదులు గోడలే ఆ పని చేశాయి. 2016లో స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ పిలిచిన చిత్రకారులు రాజ్‌భవన్ దగ్గరి మక్తా బస్తీ ఇళ్ళ గోడల నిండా బొమ్మలు వేశారు. వాటిని చూడ్డానికి ఆ గల్లీల్లో నడిచేవాళ్ళు మొదలయ్యారు.

పత్తి మార్కెట్టుకు పేరుబడ్డ ఆదోనిలో గానీ, మగ్గాలకు పేరుబడ్డ ఎమ్మిగనూరులో గానీ గ్యాలరీల వీధి లేదు. అంతమాత్రాన సాయంత్రం పూట, పైసా పెట్టకుండా, నలుగురూ కలిసి నడుస్తూ కళను చూసే అలవాటు ఈ ఊళ్ళకు లేదనడానికి వీల్లేదు. ఉంది. అది ఆడవాళ్ళది. అందుకే దాన్ని కళాచరిత్రలో కాకుండా పండగల పద్దులో రాసి పెట్టారు. దాని పేరు బొమ్మల కొలువు పేరంటం.

కోస్తాలో సంక్రాంతికి పెట్టే కొలువు రాయలసీమలోనూ కన్నడసీమలోనూ ఎక్కువగా దసరాకి పెడతారు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడే దాకా బళ్ళారి జిల్లాలోవే. కాబట్టి ఇక్కడి మెట్ల మీద కొండపల్లి బొమ్మ పక్కన చన్నపట్న లక్కబొమ్మ కూర్చుంటే వింత లేదు. కొలువు అంటే రాజసభ. ఈ అలవాటు విజయనగరపు మహర్నవమి ఉత్సవాల నుంచి వచ్చిందని అంటారు. 1443లో అబ్దుర్ రజాక్, 1520 ప్రాంతంలో డొమింగో పేస్ ఆ ఉత్సవాల వైభవాన్ని చూసి రాసిపెట్టారు. ఆదోని కోట కూడా ఆ సామ్రాజ్యంలోదే. సామంతుల మధ్య రాజు తీర్చిన కొలువును నట్టింట్లో ఆడవాళ్ళు చెక్కతో, మట్టితో మళ్ళీ తీర్చుకున్నారన్న మాట.

ఈ పనిలో ఎంత ఆలోచన ఉంటుందో పెట్టినవాళ్ళకే తెలుసు. ఏ మెట్టు మీద దేవుళ్ళు, ఏ మెట్టు మీద పెళ్ళివారు, కోమటి దంపతులు ఎక్కడ, పోలీసు బొమ్మ ఎక్కడ, పది రోజుల ముందే మొలకలు పోసి పెంచిన పైరు ఎక్కడ, దీపం వెలుగు ఎటునుంచి పడాలి, నిరుడు చూసినవాళ్ళకు ఈసారి కొత్తగా ఏం కనపడాలి... గ్యాలరీలో ఇదే పని చేసే మనిషిని క్యూరేటర్ అని గౌరవంగా పిలుస్తాం. ఇంట్లో చేస్తే ‘ఆడవాళ్ళ సరదా’. గొప్ప చిత్రకారిణులు ఎందుకు లేరన్న ప్రశ్నకు లిండా నాక్లిన్ 1971లో జవాబు వెతుకుతూ, లోపం ప్రతిభలో లేదు, ప్రతిభను గుర్తించే వ్యవస్థల్లో ఉందని చెప్పింది. కొలువు విషయంలో ఆ ప్రశ్నను ఇంకొంచెం ముందుకు జరపాలి. చేసినవాళ్ళ పేర్లు ఎలాగూ లేవు. మరి చూడ్డానికి నడిచినవాళ్ళెవరు?

ఊరికే వీధులు చూస్తూ తిరిగే మనిషి గురించి బోదలేర్ 1863లో రాశాడు. అతని మనిషి మగవాడు. ఆధునికత గురించిన ఆ సాహిత్యంలో తిరుగాడే స్త్రీ ఎందుకు కనపడదని జానెట్ వుల్ఫ్ 1985లో అడిగింది. వర్జీనియా వుల్ఫ్ 1927 నాటి వ్యాసంలో చలికాలపు సాయంత్రం లండన్ వీధుల్లోకి వెళ్ళడానికి పెన్సిలు కొనాలన్న సాకు పెట్టుకుంటుంది. అంతటి రచయిత్రికీ సాకు కావలసి వచ్చింది. మన ఆడవాళ్ళకు ఆ పెన్సిలే పేరంటం. ‘ఎక్కడికి?’ అని ఎవరూ అడగని సాయంత్రాలు ఏడాదికి తొమ్మిది. చేతిలో కుంకుమ భరిణె, పక్కన పిల్లలు. వీధి దీపాల కింద నాలుగిళ్ళు తిరిగి, ఎవరి కొలువు ఎలా ఉందో నిర్మొహమాటంగా విమర్శించుకుంటూ, కొంగులో గుగ్గిళ్ళతో ఇల్లు చేరడం. కళావిమర్శ అక్కడ జరిగింది, నడిచే దారిలో.

ఇంత చెప్పాక దీన్ని పొగిడి వదిలేయడం మాత్రం కుదరదు. ఈ నడకకు టికెట్టు లేకపోయినా గేటు ఉంది. పేరంటానికి పిలిచేది ముత్తైదువల్ని, కన్నెపిల్లల్ని. ఆదోనిలో మా అవ్వ ఏటా బొమ్మలకు పాత పట్టుముక్కలతో చీరలు కుట్టేది, పూసలు గుచ్చేది, మెట్ల మీద గుడ్డ ముడత లేకుండా పరిచేది. సాయంత్రం పేరంటాళ్ళు వచ్చే వేళకు వంటింట్లోకి పోయి శనగలు తాలింపు పెట్టేది. కొలువును ఆమె మధ్యాహ్నం చూసేది, ఇంట్లో ఎవరూ లేనప్పుడు. ఆ ప్రదర్శనలో సగం పని ఆమెది, చూపు మాత్రం ఆమెది కాదు. ఇక మా ఇంట్లో కొలువు ఉండడమే మా కులం సంగతి చెబుతుంది. అదే వీధి ఊడ్చే స్త్రీకి ఆ తొమ్మిది సాయంత్రాల్లో ఏ ఇంటి నుంచీ బొట్టు రాలేదు. ‘ఉచితం’ అన్న మాట విన్నప్పుడల్లా నాకు ఈ గేటే గుర్తొస్తుంది.

అవ్వ పరిచిన ఆ గుడ్డకూ ఒక చరిత్ర ఉంది. ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘం 1938లో మాచాని సోమప్ప చొరవతో ఏర్పడింది. ఊరికి పేరు తెచ్చిన సంఘం అది. సంఘం గురించి చెప్పేటప్పుడు మగ్గం, మగ్గం మీద కూర్చున్న నేతగాడు ముందుకొస్తారు. నూలు తోడడం, కండెలు చుట్టడం, పడుగు సరిచేయడం ‘ఇంటి ఆడవాళ్ళ సాయం’గా మిగిలిపోతాయి. 2019-20 నాటి నాలుగో అఖిల భారత చేనేత గణన దేశంలో 35 లక్షల పైచిలుకు చేనేత పనివాళ్ళను లెక్కపెడితే, వాళ్ళలో నూటికి 70 మందికి పైగా స్త్రీలే. బొమ్మను చూస్తాం, బొమ్మ కింద గుడ్డను చూడం. గుడ్డను చూసినా కండె చుట్టిన చేతిని చూడం.

గేటు లేని గ్యాలరీ ఏదైనా ఉంటే అది ముగ్గు. అది గడప బయట ఉంటుంది. చూడ్డానికి బొట్టు పిలుపు అక్కర్లేదు, కులం అడగదు. సంక్రాంతి ముందు రాత్రుల్లో వీధి వీధంతా ఆడవాళ్ళే కూర్చుని, వంగి, చుక్కలు లెక్కపెడుతూ కనపడతారు. రాత్రి పది దాటినా వీధి వాళ్ళదే. ముంబయి స్త్రీల అనుభవాల మీద శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రనడే 2011లో తెచ్చిన ‘వై లాయిటర్?’ పుస్తకం పనీ పాటా లేకుండా వీధిలో ఉండే హక్కును అడిగింది. ముగ్గు ఆ హక్కును పనిరూపంలో, ఏడాదికి కొన్ని రాత్రులు ఇస్తుంది.

కానీ పడమటి కర్నూలులో ఆ కొన్ని రాత్రులూ అందరివీ కావు. వాన మొహం చాటేసిన ఏడు కోసిగి, పెద్దకడబూరు, మంత్రాలయం వైపు ఊళ్ళ నుంచి కుటుంబాలు గుంటూరు ప్రాంతపు మిరప చేలకూ పత్తి చేలకూ ‘సుగ్గి’కి పోతాయి. సుగ్గి అంటే కన్నడంలో కోతల కాలపు సంబరం. ఇక్కడ ఆ మాటకు వలస అని అర్థం వచ్చింది. పండగ నాటికి ఆ ఇళ్ళకు తాళాలుంటాయి. ముగ్గు వేసే చేతులు ఇంకొకరి చేలో కాయలు కోస్తుంటాయి. వీధిలో నడిచేవాళ్ళకు ఆ గడపల ముందు ఉత్త మట్టి కనపడుతుంది. ఈ ఊళ్ళ కళాచరిత్ర రాసేవాళ్ళు ఆ ఖాళీని కూడా రాయాలి.

ఏ సాకూ లేకుండా ఆదోని వీధుల్లో తిరిగిన స్త్రీ ఒకరు ఊరి జ్ఞాపకంలో ఉంది. ఆమె మహాయోగి లక్ష్మమ్మ అవ్వ. ఆమె అవధూతగా తిరిగినప్పుడు పిచ్చిదనుకున్నారని భక్తులే చెబుతారు. ఇప్పుడు ఆమెకు గుడి ఉంది, రథోత్సవం ఉంది. మామూలుగా తిరగాలనుకునే ఆడదానికి పిచ్చిదానికీ దేవతకూ మధ్య చోటెక్కడుందన్నది నా ప్రశ్న.

మన చిన్న ఊళ్ళకూ రేపు ఆర్ట్ వాక్‌లు వస్తాయి, రావాలి కూడా. వచ్చినప్పుడు నిర్వాహకులు ‘ప్రవేశం ఉచితం’ అని రాస్తే సరిపోదు. ఏ వేళకు మొదలవుతుంది, ఆ దారిలో దీపాలున్నాయా, చివరి బస్సు ఎన్నింటికి, బిడ్డను ఎత్తుకొచ్చిన మనిషికి కూర్చునే చోటుందా, జిన్నింగు మిల్లులో పని దిగి వచ్చిన మనిషి ఆ బట్టలతోనే లోపలికి రాగలదా? ఇవి ఏర్పాట్ల వివరాల్లా కనపడతాయి. మా అవ్వ కొలువును మధ్యాహ్నమే ఎందుకు చూసిందో తెలిసినవాళ్ళకు కళాచరిత్ర మొదలయ్యేది ఈ ప్రశ్నల దగ్గరే.