ఇన్వర్టరు పూర్వకథ

విద్యుత్తు ఆగిన క్షణమున ఇంటి మూలనున్న ఇన్వర్టరు దీపములను నిలుపుట నేడు మనకు వింతగా తోచదు. ఎలక్ట్రానిక్స్ అభ్యాసము ప్రారంభించిన విద్యార్థికి, అట్టి దానిని స్వయముగా నిర్మింపవలెనను కోరిక తొలి దినములలోనే కలుగుచుండును. ఆ కోరిక వెనుక నూరేండ్లకు మించిన చరిత్ర గలదు. అది యెరిగినవానికి పని సులభమగును. ప్రమాదము ఎచ్చట పొంచియున్నదో కూడ తెలియును.

1831లో మైకేల్ ఫారడే, మారుచున్న అయస్కాంత క్షేత్రము ప్రక్కనున్న తీగచుట్టలో విద్యుత్తును పుట్టించునని కనుగొనెను. ట్రాన్స్‌ఫార్మరునకు ఇదియే మూలము. బ్యాటరీ ఇచ్చునది ఏకముఖ ప్రవాహము. అందు మార్పు లేదు. కావున 12 వోల్టుల బ్యాటరీని తిన్నగా ట్రాన్స్‌ఫార్మరునకు కలిపినచో 230 వోల్టులు రావు. తీగచుట్ట వేడెక్కి మాడును. ప్రవాహదిశను పదే పదే మార్చవలెను. మార్చునది ఏది? ఇన్వర్టరు చరిత్ర యంతయు ఈ ప్రశ్నకు లభించిన సమాధానముల వరుసయే.

1882లో న్యూయార్కు పెర్ల్ వీధి కేంద్రమునుండి ఎడిసన్ సరఫరా చేసినది ఏకముఖ విద్యుత్తు. దూరములకు పంపుటకు ఏకాంతర విద్యుత్తు అనువైనదని పిమ్మట తేలెను. రెండును వాడుకలోనున్న ఆ కాలమున, ఏకాంతరమును ఏకముఖముగా మార్చు తిరుగుడు యంత్రములు వెలసినవి. అదే యంత్రమును తలక్రిందులుగా నడిపినచో ఏకముఖము ఏకాంతరమగును. ఇన్వర్టరు అను పేరునకు ఈ ‘తలక్రిందులు’ అను భావమే ఆధారము. 1925లో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన డేవిడ్ ప్రిన్స్ ఆ పేరుతోనే ఒక వ్యాసమును ప్రకటించెను.

రేడియో గల గృహములకు దగ్గరి చుట్టము వైబ్రేటరు. వాల్వు రేడియోకు హెచ్చు వోల్టేజి కావలెను. తొలుత అందుకై ప్రత్యేకమైన పొడి బ్యాటరీలు కొనవలసివచ్చెడిది. అవి తీరగనే రేడియో మూగవోయెడిది. 1930వ దశకమున కారు రేడియోలలో వైబ్రేటరు ప్రవేశించెను. ఉక్కురేకు ఒకటి విద్యుదయస్కాంతపు లాగుడునకు అటునిటు వేగముగా కొట్టుకొనుచు, బ్యాటరీ ప్రవాహమును ట్రాన్స్‌ఫార్మరు రెండు సగములకును వంతులవారీగా అందించెడిది. తీగలు చేరని పల్లెలలో సైతము, మరల ఛార్జి చేయదగిన ఒక్క బ్యాటరీతో రేడియో పలుకగలిగెను. కాని స్పర్శ బిందువులవద్ద నిప్పురవ్వలు లేచి, అవి అరిగి, ఒక్కొక్కప్పుడు అతుకుకొనిపోయెడివి.

1947లో ట్రాన్సిస్టరు పుట్టుటతో ఈ బాధకు విరుగుడు దొరకెను. 1950వ దశకమున జార్జి రాయర్ రెండు ట్రాన్సిస్టర్లతో, తనకు తానే దిశ మార్చుకొను వలయమును రూపొందించెను. 1957లో థైరిస్టరు వచ్చి పెద్ద శక్తులను లొంగదీసెను. నేటి విద్యార్థి చేతిలోని మాస్‌ఫెట్ ఈ పరంపరలోనిదే.

అతడు కట్టు వలయమున రెండు మాస్‌ఫెట్లు వైబ్రేటరు పనినే చేయును. 50 హెర్ట్‌జుల విద్యుత్తునకు ఒక్కొక్కటి సెకనులో నూరవ వంతు వంతు తీసుకొనవలెను. రెండును ఒకేసారి తెరచుకొన్నచో బ్యాటరీ షార్టగును. కావున నడుమ స్వల్ప విరామము తప్పనిసరి. 100 వాట్ల దీపమునకు 12 వోల్టులవద్ద ఎనిమిది ఆంపియర్లకు పైగా కావలెను. నష్టములతో అది పదికి చేరును. అందుచే లావు తీగలు, ఫ్యూజు అవసరము. సులభముగా లభించు చదరపు తరంగముతో దీపము వెలుగును గాని, పంకా మోటారు గుర్రుమని వేడెక్కును.

బ్యాటరీ 12 వోల్టులదేయని ఏమరరాదు. ట్రాన్స్‌ఫార్మరు ఆవలి తీగలు ప్రాణాంతకములు. ఆ తీగలను ఇంటి వైరింగునకు కలుపుట మరింత ఘోరము. సరఫరా ఆగినదను నమ్మికతో స్తంభమెక్కిన లైనుమానునకు మన విద్యుత్తు ఎదురేగవచ్చును. మొదట ట్రాన్స్‌ఫార్మరు లేకుండ, రెండు చిన్న 12 వోల్టుల బల్బులు వంతులవారీగా వెలుగునట్లు వలయమును నడిపి చూచుట మేలు. పూర్వులు నిప్పురవ్వలతో నేర్చిన పాఠమును మనము బల్బుల వెలుగున నేర్వవచ్చును.