చాంప్ అసలు పేరు

అమలాపురం బస్టాండులో ఎవరైనా ‘నేనే సాత్విక్ సాయిరాజ్‌ని’ అంటే, పక్కవాడు ఫోన్ తీసి నిమిషంలో తేల్చేస్తాడు. ఇంటర్నెట్‌కి ముందు ఆడి, కనుమరుగైన ఆటగాళ్ల సంగతి అలా కాదు.

1990ల్లో కాలిఫోర్నియాలోని శాంటా ఆనా వీధుల్లో బతికే ఓ ముసలాయన, తాను 1950ల నాటి పేరుమోసిన బాక్సర్ బాబ్ శాటర్‌ఫీల్డ్‌నని చెప్పుకునేవాడు. లాస్ ఏంజలెస్ టైమ్స్ విలేకరి జె.ఆర్. మోరింగర్ కూపీ లాగితే, శాటర్‌ఫీల్డ్ 1977లోనే చనిపోయాడని తేలింది. ఈయన పేరు టామీ హారిసన్. ఈయనా నిజంగా రింగులో దిగిన బాక్సరే. పేరొక్కటే అరువు. మోరింగర్ 1997లో ఆ వెతుకులాటనే కథనంగా రాశాడు.

దాని ఆధారంగా రాడ్ లూరీ 2007లో ‘రిసరెక్టింగ్ ద చాంప్’ తీశాడు. సినిమాలో కథనం ముందు అచ్చయిపోతుంది, నిజం తర్వాత బయటపడుతుంది. డ్రామా కోసం అనుకుందాం. కానీ శామ్యూల్ ఎల్. జాక్సన్ పాత్ర అసలు పేరుని టామీ కిన్‌కేడ్‌గా మార్చేశారు. అరువు పేరు శాటర్‌ఫీల్డ్ మాత్రం తెరమీద అలాగే ఉంది.

అంటే మరుగునపడ్డ బాక్సర్ మీద తీసిన సినిమాలోనూ ఆ బాక్సర్ పేరు లేదు. సినిమా చూశాక మోరింగర్ కథనం కూడా చదవండి. హారిసన్ అక్కడ తన పేరుతోనే ఉన్నాడు.