వకీలు లేని విచారణ

మన మహాసభ జరుగుచున్న యీ నల్లగండ్ల ప్రాంతమున అమెరికాకు బిడ్డలను పంపిన కుటుంబము లనేకము గలవు. ఆ దేశపు పౌరసత్వము గోరువారు పరీక్షలో నచ్చటి రాజ్యాంగమును గూర్చిన ప్రశ్నలకు సమాధానము చెప్పవలెను. 1791లో అమలునకు వచ్చిన తొలి పది సవరణలకు హక్కుల పత్రమని వాడుక. అందు ఆఱవది, నేరారోపణ పొందినవానికి న్యాయవాది సహాయము గలదని శాసించుచున్నది. ఈ హక్కు మన తెలంగాణపు ఉరిశిక్షల కథలో నెట్లు ప్రవేశించెనో మన యువకులలో పలువురు విని యుండరు.

1931 మార్చిలో అలబామా రాష్ట్రమున గూడ్సు రైలులో పోవుచున్న తొమ్మండుగురు నల్లజాతి బాలురు, ఇరువురు తెల్ల స్త్రీలను చెఱచిరను నిందపై పట్టుబడిరి. (ఆ యిరువురిలో నొకతె పిమ్మట అది యబద్ధమని కోర్టులోనే చెప్పినది.) పదునైదు దినములలో స్కాట్స్‌బరో పట్టణమున విచారణ ముగిసి యెనమండుగురకు మరణశిక్ష పడెను. న్యాయాధిపతి ఆ యూరి ప్లీడర్ల నందఱను వారి పక్షమున నియమించెనట! అందఱును నియుక్తులైనచో నే యొక్కనికిని బాధ్యత లేదు. 1932లో అమెరికా సుప్రీముకోర్టు ఆ శిక్షలను రద్దుచేసి, ప్రాణాపాయమైన నేరమున నిస్సహాయునకు వకీలును, ఆ వకీలునకు సిద్ధపడుటకు వ్యవధిని ఇయ్యవలెనని నిర్ణయించెను.

ఇక మన సంగతి. 1948 సెప్టెంబరు పోలీసు చర్య తరువాత హైదరాబాదు సంస్థానము సైనిక గవర్నరైన జనరల్ చౌదరి యేలుబడిలో నుండెను. రైతాంగ పోరాటమునకు సంబంధించిన హత్యాభియోగముల విచారణకు ప్రత్యేక ట్రిబ్యునళ్లు వెలసినవి. 1949లో అవి పండ్రెండుగురకు ఉరిశిక్ష విధించినవి. ఆ డిసెంబరులోనే హైకోర్టు దానిని ఖాయపరచెను. ఇంచుమించు ఆరు వారములకు, 1950 జనవరి 26న, భారత రాజ్యాంగము అమలునకు వచ్చెను. తీర్పు రాజ్యాంగమునకు ముందే ముగిసినందున తమకు అప్పీలు వినునధికారము లేదని సుప్రీముకోర్టు వచించెను. ఆరు వారముల యెడము! ఆ తరువాత 32వ అధికరణముక్రింద హేబియస్ కార్పస్ అర్జీలు దాఖలైనవి. ఆంగ్ల న్యాయవాది డి.ఎన్.ప్రిట్ వారి పక్షమున వాదించెను. బంధువులతో మాటాడుటకును, వకీలును పెట్టుకొనుటకును తమకు తగిన యవకాశ మీయలేదని ఖైదీల మొఱ. అచ్చట అలబామా బాలుర తీర్పు ఉదాహరింపబడెను. గూడ్సు రైలెక్కిన యా బాలురు తమ పేరు తెలంగాణపు రైతుల కొఱకు వినబడునని కలలోనైన తలచి యుందురా?

1951 మార్చిలో, జనార్దనరెడ్డి వ్యాజ్యముగా పేరుపడిన ఆ తీర్పున, అర్జీలు కొట్టివేయబడెను. మరణశిక్ష గల ప్రతి కేసులోను వకీలు లేనంతమాత్రమున విచారణ చెడినదని సూత్రము చేయరాదనియు, అధికారముగల న్యాయస్థానము విధించిన శిక్షపై నిర్బంధములో నున్నవానిని హేబియస్ కార్పస్ విడిపింపజాలదనియు తీర్పు. శాస్త్రదృష్టిచే నది నిర్దుష్టము కావచ్చును. కాని పూర్వపక్షమును దాని బలమంతటితో చెప్పనిదే సిద్ధాంతము చేయరాదని తర్కపాఠములో మాకు గురువులు నేర్పిరి. నోరులేని పూర్వపక్షిని గెలిచిన వాదమును వారు వాదమనరు.

తరువాత ఆ మరణశిక్షలు యావజ్జీవ కారాగారములుగా మార్చబడినవి. ప్రాణములు దక్కినవి, హక్కు మాత్రము చాలకాలము దక్కలేదు.

అమెరికాలోను అంతే. మరణశిక్ష లేని పెద్ద నేరములలో సైతము బీదవానికి రాష్ట్రము వకీలు నీయవలెనని తేలుటకు 1963 వఱకు పట్టినది. ఫ్లోరిడా చెఱసాలనుండి గిడియన్ అను ఖైదీ పెన్సిలుతో వ్రాసిన అర్జీ దానికి మూలము. మనకు 1976లో 39ఎ అధికరణము చేరెను. బీహారు విచారణఖైదీల విషయమున, హుస్సేనారా ఖాతూన్ కేసులో, 1979లో సుప్రీముకోర్టు ఉచిత న్యాయసహాయమును 21వ అధికరణముతో ముడివేసెను. 1987నాటి చట్టముచే జిల్లా న్యాయసేవాధికార సంస్థలు ఏర్పడుటకు వీలు గలిగెను. ఆ చట్టపు 12వ విభాగముక్రింద స్త్రీలు, పిల్లలు, షెడ్యూల్డు కులములు తెగలవారు, నిర్బంధములో నున్నవారు ఉచితముగా వకీలును పొందుట కర్హులు. అర్జీ తెలుగులో వ్రాసినను చాలును. వ్రాయరానివారికి మన సంఘములోని విద్యావంతులు వ్రాసిపెట్టవచ్చును.