పోకెమాన్ గుడ్లు

పోకెమాన్ వీడియో గేముల్లో రెండు జీవులను జతకలిపి పిల్లను పుట్టించే పద్ధతి 1999లో జపాన్‌లో విడుదలైన గోల్డ్, సిల్వర్ ఆటలతో మొదలైంది. చాలా ఆటల్లో ఆడ, మగ జీవులను డేకేర్‌లో వదిలితే కొంతసేపటికి గుడ్డు దొరుకుతుంది. పిల్లది సాధారణంగా తల్లి జాతి. గుడ్డును ఏ జీవీ పొదగదు, ఆటగాడే దాన్ని వెంటబెట్టుకుని తిరగాలి. చాలా ఆటల్లో మాజికార్ప్ గుడ్డుకు దాదాపు 1,280 అడుగులు చాలు, డ్రాటినీకి 10,000 దాటాలి. 2004 నాటి ఎమరాల్డ్ నుంచి, ‘ఫ్లేమ్ బాడీ’ లాంటి ప్రత్యేక సామర్థ్యమున్న జీవి జట్టులో ఉంటే ఈ నడక సగమవుతుంది.

జత కుదరాలంటే గుడ్డు వర్గం కలవాలి, సైజుతో పట్టింపు లేదు. అందుకే 14.5 మీటర్ల తిమింగలం వేలార్డ్‌కూ, 0.6 మీటర్ల పిల్లికూన స్కిట్టీకీ సంబంధం కుదురుతుంది. ఎలాగో ఆట చెప్పదు, చెప్పకపోవడమే మేలు. రూపం మార్చే డిట్టో ఆడామగా తేడా లేని జీవులతోనూ జతకడుతుంది, మరో డిట్టోతో మాత్రం కట్టదు. ఆడ నిడోరాన్ గుడ్డు పెడుతుంది గానీ, ఎదిగి నిడోరీనా అయితే ఆ యోగం పోతుంది. అన్నిటికన్నా విచిత్రం మనాఫీది: దాని గుడ్డులోంచి వచ్చేది ఫియోనీ. ఆ ఫియోనీ ఎంత పెంచినా మనాఫీ కాదు.